చూపు సంగతి

జడ్జి గారు కాగితాల మీంచి తల ఎత్తకుండానే మాట్లాడుతున్నారు. వెనక బెంచీలో చివరన కూర్చున్న డ్రైవరుకి ఆయన మొహం ఆనడం లేదు. నల్లకోటు పైన తెల్లటి మరక ఒకటి కదులుతున్నట్టుంది, అంతే. ఇంత దూరం ఎవరికి మాత్రం కనిపిస్తుందిలే అనుకుని చెవులు రిక్కించాడు.

అతని తరఫు లాయరమ్మ చెప్పాల్సింది చెప్పి కూర్చుంది. ఆమె చెప్పింది కూడా ఎక్కువేమీ లేదు. పార్కు గేటు స్తంభాన్ని స్కూలు బస్సు గుద్దిందనీ, దాన్ని నడిపేవాడు ముసలివాడనీ, చూపు సరిగ్గా లేదనీ ఎవరో రవాణా ఆఫీసుకి రాశారు. గుద్దింది వేరే స్కూలు బస్సు. రెండూ పసుపు రంగువే కావడంతో రాసినవాళ్ళు పొరబడ్డారు. పిలిచి అడిగి ఉంటే, ఆ రోజు తన బస్సు షెడ్డులో చక్రాలు ఊడదీసి ఉందని డ్రైవరు చెప్పేవాడు. ఎవరూ అడగలేదు. ఒక మధ్యాహ్నం టపాలో ఉత్తర్వు వచ్చింది. ప్రజల భద్రత దృష్ట్యా లైసెన్సు రద్దు.

ఆఫీసు తరఫు లాయరు లేచి, ఫిర్యాదు చాలా తీవ్రమైనదనీ, అందులో పసిపిల్లల ప్రాణాల సంగతి ఉందనీ మొదలుపెట్టాడు. జడ్జి గారు మధ్యలో ఆపారు.

"ఆయన్ని పిలిచి అడిగారా?"

లాయరు కాగితాలు తిరగేశాడు. ముందునుంచి వెనక్కి ఒకసారి, వెనకనుంచి ముందుకి ఒకసారి.

"లేదండి."

"ఈయన చూపు బాగుందో లేదో ఈ కోర్టు చూడదు," అన్నారు జడ్జి గారు. "అది చూడాల్సింది మీ అధికారి. చూసేముందు మనిషిని పిలవాలి, చెప్పేది వినాలి. వినకుండా ఇచ్చిన ఉత్తర్వు నిలవదు." వచ్చే బుధవారం కళ్ళు పరీక్ష చేయించి, అతని మాట విని, కొత్తగా నిర్ణయం చెప్పమన్నారు. అందాకా అతను బండి నడుపుకోవచ్చు.

పక్కన కూర్చున్న బావమరిది మోచేత్తో పొడిచాడు. అతనూ డ్రైవరే, లారీ మీద పోతాడు. ఈ కేసు వేయించిందీ, లాయరమ్మ చుట్టూ తిరిగిందీ అంతా అతనే.

"రద్దునే రద్దు చేసిపారేశారు బావా," అన్నాడు చెవిలో.

డ్రైవరు నవ్వాడు. నిజంగానే గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఇన్నాళ్ళూ వీధిలో తల వంచుకుని నడిచాడు. చూపులేనివాడని ముద్ర వేసి ఇంట్లో కూర్చోబెట్టారు, అదీ చెయ్యని తప్పుకి. కానీ బయటికొచ్చి మెట్లు దిగుతుంటే జడ్జి గారి మాటే చెవిలో మెదిలింది. చూపు బాగుందో లేదో ఈ కోర్టు చూడదు. మరి ఎవరు చూసినట్టు? ఆ హాల్లో ఇంతమంది ఇంతసేపు తన కళ్ళ గురించి మాట్లాడారు, ఒక్కరూ వాటివంక చూడలేదు. చెయ్యి గోడకి ఆనించి, ఒక్కో మెట్టూ కాలితో తడుముకుని దిగాడు. బావమరిది అప్పటికే కింద నిలబడి అక్కకి ఫోన్ చేస్తున్నాడు.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకి వెళ్ళాడు. బస్సు చుట్టూ ఒక చుట్టు తిరిగి టైర్లను కాలితో తన్ని చూశాడు. రేడియేటర్లో నీళ్ళు పోశాడు. ఇంజను వేసి, బ్రేకులకి గాలి నిండేదాకా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. వేళ్ళు వాటి చోట్లకి అవే వెళ్ళిపోయాయి. ఒంట్లో ప్రాణం ఇప్పుడు వచ్చినట్టనిపించింది.

ఆయా వచ్చి ముందుసీట్లో కూలబడింది. పిల్లల్ని ఎక్కించి దించే మనిషి. నోరు మూతపడదు కాబట్టి స్కూల్లో అందరూ ఆమెని రేడియో అంటారు.

"వచ్చావా అన్నా? కోర్టుకెక్కి జడ్జీలనే గెలిచొచ్చావంట కదా. ఇక నీతో మాట్లాడాలంటే దరఖాస్తు పెట్టుకోవాలేమో."

"పెట్టుకో. విని నిర్ణయం చెబుతా," అన్నాడు.

బండి కదిలింది. రేడియో మొదలైంది. "అదిగో, పాలవాడు సైకిలు అడ్డంగా పెట్టి కబుర్లు చెబుతున్నాడు చూడు, ఎడమపక్క. పోరా నాయనా. ఆ ఎర్ర చీరావిడకి ఫోను తప్ప లోకం లేదు, దాటుతోంది, దాటేస్తోంది, ఆఁ, దాటింది. ఇక్కడ గుంత పూడ్చలేదు అన్నా ఇంకా." డ్రైవరు ఆమె మాటలు విననట్టే వింటూ తిప్పాల్సిన చోట తిప్పాడు, ఆపాల్సిన చోట ఆపాడు. పిల్లలు ఎక్కుతూ డ్రైవర్ తాత వచ్చాడని కేకలు పెట్టారు. ఒక తల్లి కిటికీ దగ్గరికొచ్చి, మీరు లేనన్నాళ్ళూ వేరేవాళ్ళతో పంపాలంటే భయమేసిందండీ అంది. ఆ మాటకి అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సోమవారం రేడియో రాలేదు. జ్వరమట. స్కూలువాళ్ళు వాచ్‌మన్ భార్యని పంపారు. ముందుసీట్లో కూర్చుంటే కడుపులో తిప్పుతుందని ఆమె వెళ్ళి వెనక కూర్చుంది. మనిషి నోట్లోంచి మాట రాదు. బండిలో పిల్లల గోల ఉన్నా డ్రైవరుకి ఎక్కడో ఏదో ఆగిపోయినట్టనిపించింది. గోడగడియారం ఆగిపోయిన ఇంట్లో ఉన్నట్టు. పొద్దున ఎండ బాగానే ఉంది, ఎలాగో గడిచింది. సాయంత్రానికి మబ్బు పట్టింది.

కాలువ పక్క రోడ్డులో గొట్టాలు వేస్తున్నారు. తవ్విన మట్టి ఒకవైపు, ఇసక బస్తాలు ఒకవైపు. ముందు అద్దంలో రోడ్డూ ఆకాశమూ ఒకే రంగులో కలిసిపోయాయి. వైపర్ వేశాడు. వాన లేదు, అద్దం పొడిగానే ఉంది. అయినా మసక పోలేదు. మెడ ముందుకి చాచి, తెలిసిన దారే కదా అని తనకి తను చెప్పుకున్నాడు. చెరకు రసం బండి దాటింది, తర్వాత కరెంటు స్తంభం, తర్వాత వంపు. వంపు తిరిగాక ఎడమపక్క రోడ్డు అంచున ఇసక బస్తా ఒకటి దొర్లిపడి ఉంది. దాన్ని రాసుకుంటూ పోవచ్చని స్టీరింగు కాస్త అటు తిప్పాడు.

ముందుసీట్లో ఒక చిన్నపిల్ల కూర్చుని ఉంది. ప్రతిదానికీ ఎందుకని అడుగుతుందని ఆ పిల్లకి ఎందుకమ్మాయి అని పేరు. రేడియో లేదు కదా అని ఆమె సీటు ఆక్రమించింది.

"తాతా, ఆ అమ్మాయి అక్కడెందుకు కూచుంది?"

"ఏ అమ్మాయి?"

అడుగుతూనే కాలు బ్రేకు మీద పడింది. బండి ముక్కుతూ ఆగింది. వెనక పిల్లలు ఒకరి మీద ఒకరు పడి కిలకిలా నవ్వారు. ఇసక బస్తా లేచి నిలబడింది. తెల్ల గౌను వేసుకున్న పిల్ల, చెప్పు పట్టీ పెట్టుకోడానికి కూర్చున్నట్టుంది. బస్సు ముందు బంపరుకి చెయ్యి చాస్తే అందేంత దగ్గర. ఆ పిల్ల బస్సు వంకైనా చూడలేదు. చెప్పు సర్దుకుని, గెంతుకుంటూ సందులోకి వెళ్ళిపోయింది.

డ్రైవరు కాలు బ్రేకు మీంచి తీయలేకపోయాడు. స్టీరింగుని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

"ఎందుకాపావు తాతా?"

"ఊరికే."

వెనకనించి హారన్లు మొదలయ్యాయి. బండి మొదటి గేరులో కదిలింది, ఆ సాయంత్రమంతా మొదటి రెండు గేర్లు దాటలేదు. పిల్లలందర్నీ దించి షెడ్డుకి వచ్చాక తలుపు తీసుకుని దిగకుండా సీట్లోనే ఉండిపోయాడు. ఏమీ జరగలేదు. ఎవరూ చూడలేదు. ఎందుకమ్మాయి ఇంటికెళ్ళి బిస్కెట్లు తింటూ ఉంటుంది. ఏమీ జరగలేదు అని ఎన్నిసార్లు అనుకున్నా, ఆ తెల్ల గౌను లేచి నిలబడటం మాత్రం ఆగలేదు.

మంగళవారం పొద్దున నత్తనడకన పోయాడు. పిల్లలందరికీ బడి ఆలస్యమైంది. వాళ్ళని దించేసి నేరుగా రేడియో ఇంటికి వెళ్ళాడు. ఆమె దుప్పటి కప్పుకుని గుమ్మంలో కూర్చుని గంజి తాగుతోంది.

"నన్ను చూడ్డానికి చేతులూపుకుంటూ వచ్చావా? ఒక పండైనా తేలేదు," అంది. అతని మొహం చూసి గ్లాసు కింద పెట్టింది. "ఏమైందన్నా?"

అతను గడప పక్కన చతికిలపడ్డాడు.

"దారిపొడవునా నువ్వు వాగుతావే, అదంతా నాకోసమా?"

రేడియో చాలాసేపు మాట్లాడలేదు. ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండటం అతనెప్పుడూ చూడలేదు.

"మైలురాయిని కుక్క అనుకుని హారన్ కొట్టావు గుర్తుందా? పిల్లలు పడీపడీ నవ్వారు. నువ్వూ నవ్వేశావు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అప్పట్నించీ చెబుతున్నా."

"నాతో చెప్పొచ్చుగా."

"ఏమని చెప్పను? గుడ్డివాడివయ్యావని చెప్పనా? చెబితే నీ పొట్ట కొట్టినదాన్ని అవుతాను. చెప్పకపోతే నేను పక్కనే ఉన్నానుగా అనుకున్నా." దుప్పటి అంచు వేలికి చుట్టుకుంది. "కళ్ళు చూపించుకున్నావా ఎక్కడైనా?"

చూపించుకోలేదు. చూపిస్తే కాగితం మీదకెక్కుతుంది, ఎక్కితే అది స్కూలుకీ, రవాణా ఆఫీసుకీ పాకుతుంది. ఆ భయానికి కళ్ళద్దాల కొట్టు ముందునించి కూడా తల తిప్పుకుని పోయాడు ఇన్నాళ్ళూ. ఆ మాటే అన్నాడు.

"నీ లైసెన్సు తీసేసిన రోజు ఏడ్చానన్నా, ఒట్టు," అంది రేడియో. "అన్యాయంగా తీశారని ఏడ్చాను. కానీ ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. మళ్ళీ నువ్వు బండెక్కినప్పట్నించీ నిద్ర లేదు. ఈ జ్వరం అదేనేమో."

గంజి చల్లారిపోయింది. డ్రైవరు లేచి, సాయంత్రం బండి తీయలేనని, ఒంట్లో బాగాలేదని స్కూలుకి ఫోన్ చేశాడు. అది అబద్ధం కూడా కాదు.

ఇంట్లో భార్య కుట్టుమిషను ముందు కూర్చుని యూనిఫారాల అంచులు వేస్తోంది. కోర్టు తీర్పు వచ్చినప్పటినించి ఆమె మిషను తొక్కే ఊపే మారింది. అతను పక్కన కూర్చుని, బుధవారం పరీక్ష తప్పితే ఎలా అన్నాడు, గోడతో అన్నట్టు. ఆమె సూది కింద బట్ట ఆపింది.

"తప్పడమేంటండీ? మీకు ఆ బోర్డు నిద్రలో లేపి అడిగినా వస్తుందిగా?"

వస్తుంది. ఆ ఊరి డ్రైవర్లందరికీ వస్తుంది. రవాణా ఆఫీసులో చూపు పరీక్షకి పెట్టే అక్షరాల బోర్డు మార్చిన జ్ఞాపకం ఎవరికీ లేదు. ఎదురుగా టీకొట్టులో పాత డ్రైవర్లు కొత్తవాళ్ళకి దాన్ని ఎక్కాల్లా అప్పజెప్పిస్తారు. ఎవరో ఒకరు తడబడితే ఇంకొకరు అందిస్తారు. దాన్ని మోసమని ఎవరూ అనుకోలేదు. బండి నడపడం చేతనైనవాడికి అక్షరాలతో ఏం పని అనేవాళ్ళు. డ్రైవరు కూడా అలాగే నేర్చుకున్నాడు, అలాగే నేర్పాడు. బావమరిదికి నేర్పింది అతనే.

"నిన్న ఒక పిల్ల," అని మొదలుపెట్టాడు.

భార్య చెయ్యి అడ్డం పెట్టింది. "ఇప్పుడొద్దండీ. నలుగురిలో మన మాట నిలబడింది. ఇన్నాళ్ళూ ఎవరింటికీ పోలేకపోయాను. రేపటిదాకా నాకేం చెప్పకండి." ఆమె గొంతులో కోపం లేదు. భయం ఉంది. విన్నాక ఇక విననట్టు ఉండటం ఆమె వల్ల కాదని అతనికి తెలుసు. మిషను మళ్ళీ కదిలింది. అతను అక్కడే కూర్చుని దాని చప్పుడు వింటూ ఉండిపోయాడు.

బుధవారం బావమరిది స్కూటరు మీద తీసుకెళ్ళాడు. దారంతా వెనక్కి తిరిగి మూడో వరస చెప్పు బావా, నాలుగో వరస చెప్పు అంటూనే ఉన్నాడు. చెప్పకపోతే మధ్యలో ఆపేసేలా ఉన్నాడని డ్రైవరు చెప్పాడు. ఆఫీసు పై అంతస్తులో ఉంది. బయట లాయరమ్మ ఎదురుచూస్తోంది. ఆమె చెప్పింది చిన్నమాటే. ఆ బస్సు నాది కాదు, నామీద ఇంతకుముందు ఏ ఫిర్యాదూ లేదు, కళ్ళ పరీక్ష నెగ్గాను. ఇవి మూడే చెప్పండి, అడగనిది చెప్పకండి.

కంటి డాక్టరు వరండా చివర కుర్చీ వేసుకుని ఉన్నాడు. డ్రైవరు స్టూలు మీద కూర్చుని అట్టముక్కతో ఒక కన్ను మూసుకున్నాడు. బోర్డు మీద మొదటి పెద్ద అక్షరం కనపడింది. రెండో వరస ఉందని తెలిసింది. దానికింద బూజు పట్టిన గోడలాగా ఉంది. నోరు తెరిచాడు. అక్షరాలు వాటంతట అవే బయటికి వచ్చేశాయి, ఒక వరస వెనక ఒకటి, ఎక్కడా ఆగకుండా. డాక్టరు తల ఎత్తలేదు. బాగుంది, రెండో కన్ను అన్నాడు. అట్టముక్క చెయ్యి మారింది. నోరు మళ్ళీ అప్పజెప్పింది. చివరి వరస అయ్యేసరికి డ్రైవరు వీపంతా చెమటతో తడిసిపోయింది. గుడ్డివాణ్ణి తన నోరే చెయ్యి పట్టుకుని ఎక్కడికో లాక్కుపోతున్నట్టు అనిపించింది. డాక్టరు సంతకం పెట్టి కాగితం చేతికిచ్చాడు.

అధికారి గది చిన్నది. ఆయన వయసులో కూడా చిన్నవాడే. కోర్టులో చివాట్లు పడ్డాక అన్నీ పద్ధతిగా చేస్తున్నాడు. కూర్చోమన్నాడు, మంచినీళ్ళు ఇప్పించాడు, డాక్టరు కాగితం పైకి చదివాడు. గేటు గుద్దిన బండి వేరేదని విచారణలో తేలిందనీ, పొరపాటు తమదేననీ అన్నాడు. ఆ మాట అనడానికి ఆయన కొంచెం కష్టపడ్డాడు. తర్వాత కాగితం ముందుకి లాక్కుని కలం మూత తీశాడు.

"మీరు చెప్పేదేమైనా ఉందా?"

ఆ మాట అడుగుతుండగానే కలం కాగితం మీదకి దిగింది. డ్రైవరుకి లాయరమ్మ చెప్పిన మూడు మాటలూ నాలుక చివర ఉన్నాయి. గోడ అవతల బావమరిది ఎవరితోనో నవ్వుతున్నాడు. ఇంటి దగ్గర భార్య ఫోను పక్కన పెట్టుకుని కూర్చుని ఉంటుంది. ఒక్కసారి లేదండి అంటే చాలు.

"ఆ బోర్డు నాకు నోటికి వచ్చండి," అన్నాడు.

కలం ఆగింది.

"చూసి చదవలేదు. పై అక్షరం తప్ప నాకేం కనపడలేదు."

అధికారి తలుపు వంక చూశాడు. గొంతు తగ్గించాడు. "చూడండి, పరీక్ష అయిపోయింది. కాగితం వచ్చింది. ఇప్పుడు నేను మళ్ళీ రద్దు చేస్తే, కోర్టుకి లాగారని కక్ష కట్టాడంటారు. నా ఉద్యోగం మీదకొస్తుంది. మీరు ఇవన్నీ నాకు చెప్పక్కర్లేదు. వెళ్ళి కళ్ళు చూపించుకోండి, కొన్నాళ్ళు సెలవు పెట్టుకోండి."

డ్రైవరుకి ఆయన మొహం కనపడటం లేదు. కానీ ఆ గొంతు తెలుసు. అది ఇన్నాళ్ళూ తనది. తెలియనట్టుంటే గడిచిపోతుందనుకునే గొంతు. వీడికి కూడా నాలాగే భయం అనుకున్నాడు. అనుకోగానే తన భయం కొంచెం తగ్గింది.

"మిమ్మల్ని వినమన్నారు కదండీ," అన్నాడు మెల్లగా. "వినండి."

తలమీద పాత ఫ్యాను కటకటలాడుతోంది. అధికారి లేచి దాన్ని కట్టేసి వచ్చాడు.

డ్రైవరు కాలువ పక్క రోడ్డు దగ్గర మొదలుపెట్టాడు. మబ్బు సంగతి చెప్పాడు. ఇసక బస్తా సంగతి చెప్పాడు. అది లేచి నిలబడిన దగ్గర ఆగి, మళ్ళీ వెనక్కి వెళ్ళి వంపు దగ్గర్నించి చెప్పాడు. ఆయా పేరు మాత్రం ఎత్తలేదు. పక్కన ఎవరైనా చెబుతుంటే నడిపాను, చెప్పేవాళ్ళు లేని రోజు అలా అయింది అన్నాడు. టీకొట్టు సంగతి కూడా చెప్పాడు, తన నోటితో ఎంతమందికి ఆ బోర్డు నేర్పాడో లెక్కలేదని. అధికారి చాలాసేపు రాసుకున్నాడు. మధ్యలో ఒకసారి ఆగి, ఆ పిల్లకి దెబ్బేమీ తగల్లేదు కదా అని అడిగాడు. తగల్లేదన్నాడు డ్రైవరు.

"ఇదంతా రాస్తే లైసెన్సు మళ్ళీ పోతుంది. తెలుసుగా?"

"తెలుసండి. పోయినసారి నాకు తెలియకుండా పోయింది."

అధికారి రాసింది పైకి చదివి వినిపించాడు. ఎక్కడ పెట్టాలో వేలు ఆనించి చూపిస్తే డ్రైవరు అక్కడ సంతకం పెట్టాడు. పెద్దాసుపత్రిలో కళ్ళు చూపించడానికి ఒక చీటీ రాసిచ్చాడాయన. నయమైతే మళ్ళీ రావచ్చు అన్నాడు. చూద్దామండి అన్నాడు డ్రైవరు.

బయట వరండాలో బావమరిది ఎదురొచ్చాడు. లాయరమ్మ వేరే కేసు పని మీద వెళ్ళిపోయిందట. ఏమన్నాడు బావా, ఇచ్చేశాడా అని అడుగుతూనే ఫోను తీశాడు, అక్కకి చెప్పడానికి.

డ్రైవరు మెట్ల దగ్గర ఆగాడు. కిందకి చూస్తే బూడిద రంగు ఒక్కటే పరుచుకుని ఉంది. ఎక్కడ అంచు ఉందో, ఎక్కడ లేదో తెలియడం లేదు. గోడ ఎడమచేతికి అందేంత దగ్గరే ఉంది. దాని మీద చెయ్యి వెయ్యలేదు.

"ఫోను తర్వాత. మీ అక్కకి నేనే చెబుతా," అన్నాడు. "ముందు నా చెయ్యి పట్టుకో. మెట్లు కనపడటం లేదు."

బావమరిది నవ్వబోయి, అతని మొహం చూసి ఆగిపోయాడు. ఫోను జేబులో పెట్టుకుని వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ ఒక్కో మెట్టే దిగడం మొదలుపెట్టారు.